బీరువాలో కెమెరా బైటికి తియ్యండి బాబూ

రీలు కెమెరాల మీద పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల ఉత్తరాలు ఎక్కువగా విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచే వచ్చాయి, అందులోనూ సగం పైన ఇంట్లో పాత కెమెరా దొరికింది ఏం చెయ్యమంటారు అనే. అన్నిటికీ చోటు చాలదు కాబట్టి ఒకేలాంటి ప్రశ్నలు కలిపీసి రాస్తున్నాను, మీ ఉత్తరం కనపడకపోతే కోప్పడకండి.

ప్రశ్న: గురువుగారూ, మా తాతగారి బీరువాలో అగ్ఫా క్లిక్ త్రీ కెమెరా దొరికింది, తోలు కవరుతో సహా. నొక్కితే టక్కుమంటోంది. దీనికి ఇప్పుడు రీలు దొరుకుతాదా, ఫోటోలు వస్తాయా, లేకపోతే షోకేసులో పెట్టీమంటారా?
– డిగ్రీ విద్యార్థి, శ్రీకాకుళం

జవాబు: షోకేసు మాట ఎత్తకు తమ్ముడూ. ఒకప్పుడు మధ్యతరగతి ఇళ్ళల్లో మొదటి కెమెరా అంటే చాలామందికి ఇదే, మన దేశంలోనే బరోడాలో తయారయ్యేది. దీన్లో పాడవ్వడానికి పెద్దగా ఏమీ లేదు, బ్యాటరీ లేదు, వెలుతురు కొలిచే మీటరు లేదు, ఒక చిన్న లెన్సు, స్ప్రింగు మీద నడిచే షట్టరు, అంతే. దీనికి పట్టేది 120 రీలు, అది ఇవాళ్టికీ తయారవుతోంది, ఆన్‌లైన్లో దొరుకుతాది. చదరంగా 12 ఫోటోలు వస్తాయి.

రీలు కొనేముందు ఒక పని చెయ్యి. వెనక మూత తీసి కెమెరాని కిటికీ వైపు పట్టుకుని, లోపల్నుంచి చూస్తూ బటన్ నొక్కు. వెలుతురు ఒక్క క్షణం మెరిసి ఆగిపోతే షట్టరు బావున్నట్టు. బద్ధకంగా మూసుకుంటూ ఉంటే ఓ పాతిక ముప్ఫై సార్లు ఖాళీగా నొక్కు, చాలావరకు దానంతటదే దార్లో పడుతుంది. వెనక ఎర్ర అద్దం ముక్క ఉంటాది చూడు, నంబరు కనపడేది, దాని మీద నల్ల టేపు ముక్క అంటించి రీలు తిప్పేటప్పుడు మాత్రం ఎత్తి చూసుకో. ఆ ఎర్ర అద్దం ఎర్ర వెలుతురు అంటని వెనకటి ఫిల్ముల కోసం పెట్టింది, ఇప్పటి ఫిల్ములకి దాంట్లోంచి వెలుతురు దూరుతుంది.

ఫిల్ము 100 స్పీడుది (స్పీడంటే వెలుతురు పట్టే చురుకు) తీసుకో, 400ది వద్దు. ఈ కెమెరా షట్టరు నెమ్మది, ఎపర్చరు, అంటే లెన్సులో వెలుతురు దూరే కంత, కూడా పెద్దగా మూసుకోదు, మన నాగావళి ఒడ్డున మిట్టమధ్యాహ్నం ఎండలో 400 పెడితే నెగెటివ్ నల్లగా మాడిపోతుంది. మనుషుల్ని పది అడుగుల దూరంలో నిలబెట్టు, దగ్గరకెళ్తే మసక. రెండు చేతులూ ఒంటికి ఆనించి ఊపిరి బిగబట్టి నొక్కు. మధ్యలో స్పష్టంగా వచ్చి అంచుల్లో మెత్తగా వస్తాది, దానికోసమే కదా ఇంత తతంగం. ఫోటో తీసిన వెంటనే తిప్పీసే అలవాటు చేసుకుంటే తిప్పామా లేదా అన్న అనుమానం ఉండదు. మొదటి రీలు కళింగపట్నం లైట్‌హౌస్ దగ్గరకి పట్టుకెళ్ళు, ఎండ ఉంటాది, దూరం ఉంటాది, ఈ కెమెరాకి కావల్సినవి ఆ రెండే.

తాతగారి చేత కూడా ఓ రెండు తీయించు, ఆయన చెయ్యి మర్చిపోయి ఉండదు.

ప్రశ్న: మా ఇంట్లో ఉన్న పెంటాక్స్ లెన్సులో సాలెగూడులాగ ఏదో పట్టింది, బైట ఎంత తుడిచినా పోవట్లేదు. కెమెరా ఎప్పుడూ దాని తోలు కవర్లోనే భద్రంగా ఉంచాం, బీరువాలో కలరా ఉండలు కూడా వేశాం. అయినా ఎందుకొచ్చింది?
– లెక్చరర్, విజయనగరం

జవాబు: అమ్మా, భద్రంగా ఉంచడం వల్లే వచ్చింది! అది బూజు, లెన్సు లోపల అద్దాల మధ్య పట్టింది, అందుకే బైట తుడిస్తే పోవట్లేదు. మనది సముద్రం గాలి తగిలే ఊరు, వానాకాలం మొదలైన దగ్గర్నుంచి తుఫాన్లు అయ్యేదాకా గాల్లో తేమ దిగదు. బూజు విత్తనాలు అన్ని చోట్లా ఉంటాయి, ఏ లెన్సులోనైనా ఉంటాయి, వాటికి కావల్సింది చీకటి, తేమ, కదలని గాలి. తోలు కవరు తేమని పీల్చి దాచుకుంటాది, బీరువా తలుపు చీకటి ఇస్తాది, ఇంకేం కావాలి దానికి. కలరా ఉండలు పట్టుబట్టలకి సరే, కెమెరా దగ్గర పెట్టకండి, ఆ ఆవిరి లెన్సు మీద పొరలాగ పడుతుంది, పురుగుకి పనికొచ్చేది బూజుకి పనికిరాదు. బియ్యం డబ్బాలో పెట్టమని కూడా ఎవరో ఒకరు చెప్తారు, పిండి దుమ్ము లోపలికెళ్తాది, వద్దు.

గది చీకటి చేసి, ఎపర్చరు పూర్తిగా తెరిచి, ఫోన్ టార్చి లెన్సు వెనకనుంచి వేసి పక్కగా చూడండి. అంచున రెండు మూడు పోగులుంటే భయం లేదు, ఫోటోలో కనపడదు, వాడుకోండి. అద్దం అంతా తెల్లగా పట్టీసి ఉంటే ఎండకి ఎదురుగా తీసిన ఫోటోలన్నీ పాలు పోసినట్టు పాలిపోయి వస్తాయి. లెన్సు విప్పడం వచ్చిన మెకానిక్కు చేత తుడిపించండి, యూట్యూబ్ చూసి ఇంట్లో విప్పొద్దు, స్క్రూలు పోతాయి, అద్దాలు తిరగబడతాయి. బూజు చాలాకాలం ఉండిపోతే అద్దం మీది కోటింగుని తినీసి ఉంటాది, అప్పుడు ఎంత తుడిచినా మచ్చ ఉండిపోతుంది.

ఇకమీదట తోలు కవరు వేరే దాచండి. మూత బిగుతుగా పట్టే ప్లాస్టిక్ డబ్బా ఒకటి, సిలికా జెల్ పావుకిలో, తేమ చూపించే చిన్న మీటరు ఒకటి, ఇవి చాలు. మీటరు 40 శాతానికీ 50కీ మధ్యలో ఉండాలి, 60 దాటితే జెల్‌ని వేడి చేసి ఆరబెట్టి మళ్ళీ పెట్టండి. రంగు మారే జెల్ అయితే ఎప్పుడు చెయ్యాలో అదే చెప్తాది. అన్నిటికన్నా మంచిది, పదిహేను రోజులకోసారి బైటికి తీసి వాడడం. వాడుకలో ఉన్న కెమెరాకి బూజు పట్టడం నేను చాలా అరుదుగా చూశాను.

ప్రశ్న: రీలు ఫోటో డిజిటల్ కన్నా బావుంటాదా లేదా? ఒక్క మాటలో చెప్పండి.
– బొబ్బిలి

జవాబు: లేదు. వేరేగా ఉంటాది. ఎక్కువ బావుంటాదని చెప్పి వెయ్యి రూపాయల రీలు మీచేత కొనిపించే వాళ్ళని నమ్మకండి, అది పెట్టి తీస్తున్నప్పుడు మీకు సరదాగా ఉందా లేదా అన్నదే లెక్క.

ప్రశ్న: ఈసారి పైడితల్లమ్మ సిరిమానుని (పూజారి పైన కూర్చుని ఊరేగే పొడవాటి మాను) రీలు కెమెరాతో తియ్యాలని ఉంది. నా దగ్గర పెంటాక్స్ కే 1000, 50 లెన్సు, 28 లెన్సు ఉన్నాయి. జనంలో ఫోకస్ చేసుకునే టైము ఉండదు కదా, ఎలా?
– ప్రైవేటు ఉద్యోగి, విజయనగరం

జవాబు: మంచి పని. కెమెరా కూడా సరైందే, 1976 నుంచి ఇరవై ఏళ్ళపైన తయారు చేశారు దాన్ని, బ్యాటరీ అయిపోయినా షట్టరు ఆగదు, మీటరొక్కటే ఆగుతాది.

విజయదశమి తర్వాత మొదటి మంగళవారం మూడు లాంతర్ల దగ్గర నుంచోడానికి చోటు కావాలంటే పొద్దున్నే వెళ్ళాలి, అది మీకు నేను చెప్పక్కర్లేదు. సిరిమాను గుడి దగ్గర్నుంచి కోట దాకా వెళ్ళి వస్తాది, మూడుసార్లు. కాబట్టి మొదటిసారి వెళ్ళేటప్పుడు కంగారుపడి రీలంతా కాల్చీకండి, వెలుతురు ఎటు పడుతోంది, మాను ఎంత ఎత్తులో ఊగుతోంది చూసుకోండి. ముందు వచ్చే పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల, వీటికి మేర ఎక్కువ పట్టే 28 పెట్టండి.

28 లెన్సు ఎపర్చరుని ఎఫ్/8 దగ్గర పెట్టి, దూరం మూడు మీటర్లకి కాస్త పైన పెట్టీసి ఇంక ఆ దూరాన్ని ముట్టుకోకండి. మీకు ఐదారు అడుగుల దగ్గర్నుంచి దూరంగా ఉన్న కోట బురుజు దాకా అన్నీ ఫోకస్‌లో ఉంటాయి. ఇది లెన్సు మీద గీతల్లో రాసే ఉంటాది, పాత లెన్సులకి ఉన్న గొప్ప సుఖం ఇదే, ఇప్పటి లెన్సుల్లో చాలావాటికి ఆ గీతలు తీసీశారు. అదే పని 50తో చేస్తే పది మీటర్ల దగ్గర పెట్టాలి, ఐదు మీటర్ల అవతలివే బావుంటాయి, కాబట్టి 50ని పైన కూర్చున్న పూజారి గారి కోసం ఉంచుకోండి.

ఇక్కడే అందరూ దెబ్బతింటారు. సిరిమాను పైన ఉంటాది, వెనకాల అంతా ఆకాశం. మీటరు ఆ తెల్లటి ఆకాశాన్ని చూసి వెలుతురు చాలా ఉందనుకుంటాది, దాని మాట వింటే పూజారి గారు నల్లటి నీడలాగ వస్తారు. మీటరు చూపించినదానికన్నా ఒకటిన్నర, రెండు స్టాపులు (ఒక స్టాపంటే వెలుతురు రెట్టింపు) ఎక్కువివ్వండి, లేదా ముందే మీ అరచేతిని ఎండలోకి పెట్టి, దాన్ని మీటరు చేసి, ఒక స్టాపు పెంచి అలాగే ఉంచీయండి. నెగెటివ్ ఫిల్ము వెలుతురు ఎక్కువైతే తట్టుకుంటాది, తక్కువైతే అస్సలు తట్టుకోదు, నీడల్లో ఏమీ మిగలదు.

ఫిల్ము 400 స్పీడుది. ఎండ పూర్తిగా ఉన్నప్పుడు ఎఫ్/16, 500 షట్టరు (సెకనులో 500వ వంతు), ఇది మీటరు లేకపోయినా పనిచేసే పాత లెక్క. పొద్దు వాలుతున్నకొద్దీ ఎపర్చరు తెరుచుకుంటూ రండి, మూడోసారికి వెలుతురు బాగా దిగిపోతాది, షట్టరు 125 కన్నా కిందకి తేకండి, మాను ఊగుతూనే ఉంటాది. ఇంకో చిన్న మాట, రీల్లో ఆరేడు ఫోటోలు మిగిలున్నా సరే, మాను తిరిగి వచ్చేముందే కొత్త రీలు ఎక్కించీయండి. ఆ ఆరేడు పోతే పోయాయి, సరిగ్గా అమ్మవారు ఎదుటికి వచ్చినప్పుడు రీలు అయిపోతే ఆ బాధ సంవత్సరమంతా ఉంటాది. రీలు మార్చేటప్పుడు ఎండకి వీపు పెట్టి మీ నీడలో మార్చండి.

ఆ, లెన్సుకి ముందు ఒక ఫిల్టరు బిగించండి. భక్తులు విసిరే అరటిపళ్ళు సిరిమానుకే తగులుతాయని ఎవరూ హామీ ఇవ్వలేరు.

ప్రశ్న: యాషికా ఎలక్ట్రో 35 ఒకటి చవగ్గా ఇస్తానంటున్నారు. బ్యాటరీ దొరకదని కొందరు భయపెడుతున్నారు. తీసుకోవచ్చా అన్నా?
– ఆమదాలవలస

జవాబు: అసలు బ్యాటరీ 5.6 వోల్టుల పాదరసంది, అది ఇప్పుడు రాదు నిజమే, కానీ 6 వోల్టుల 4ఎల్ఆర్44 పెట్టి మిగిలిన ఖాళీలో చిన్న అడాప్టరో స్ప్రింగో ఇరికిస్తే శుభ్రంగా నడుస్తాది. బ్యాటరీ లేకుండా మాత్రం ఎంత వెలుతురున్నా షట్టరు 500 దగ్గరే కొడుతుంది, కాబట్టి బ్యాటరీ జేబులో పెట్టుకుని వెళ్ళి అక్కడే వేసి చూడండి. రీలు తిప్పే లీవరు లాగినప్పుడు లోపల 'ఠక్' మని ఒక బరువైన శబ్దం వినపడాలి. ఆ శబ్దం లేకపోతే లోపల రబ్బరు ముక్క అరిగిపోయిందని అర్థం, అప్పుడు మీటరు చెప్పేది ఒకటి షట్టరు చేసేది ఒకటి. రిపేరు ఉంది గానీ కెమెరా మొత్తం విప్పాలి. శబ్దం వస్తే, వ్యూఫైండర్లో మధ్యన ఫోకస్ చూసుకునే పసుపు మచ్చ కనపడితే, తీసీసుకోండి. దాని 45 ఎఫ్/1.7 లెన్సుకి నేను దాసుణ్ణి.

ప్రశ్న: బ్లాక్ అండ్ వైట్ రీలు ఇంట్లోనే కడుక్కోవచ్చంటారు. మా ఊళ్ళో ఎండాకాలం కుళాయి నీళ్ళే చెయ్యి పెట్టలేనంత వేడి. 20 డిగ్రీలు ఎక్కడ్నుంచి తెమ్మంటారు? కలరు కూడా ఇంట్లో అవుతాదా?
– పలాస

జవాబు: అవుతాది, కానీ ముందు బ్లాక్ అండ్ వైటే చెయ్యండి. డార్క్ రూమ్ అక్కర్లేదు, రీలుని ట్యాంకులోకి ఎక్కించే ఐదు నిమిషాలే చీకటి కావాలి, దానికి చేతులు దూర్చే నల్ల సంచి ఒకటి దొరుకుతాది. మన ఉక్కపోతకి ఆ సంచిలో చేతులు చెమటలు పట్టి ఫిల్ము చక్రానికి అతుక్కుపోతాది, అందుకని రాత్రి పూట, ఫ్యాను కింద, పనికిరాని పాత ఫిల్ము ముక్కతో ముందు బాగా ప్రాక్టీసు చేసి అప్పుడు అసలుది ఎక్కించండి.

వేడి సంగతి. హెచ్‌పీ5 అనే బ్లాక్ అండ్ వైట్ ఫిల్ముని డీ-76 డెవలపర్లో నీళ్ళు కలపకుండా 20 డిగ్రీల దగ్గర ఏడున్నర నిమిషాలు కడగాలి. అదే 24 దగ్గర ఐదు నిమిషాల పైచిలుకు సరిపోతుంది. అంతకన్నా టైము తగ్గితే ఫిల్ము మీద చారలు, అక్కడక్కడ ఎక్కువ తక్కువలు వస్తాయి, కాబట్టి మే నెలలో డెవలపర్‌లో సగం నీళ్ళు కలిపీసి టైము పెంచుకోండి, ఏ వేడికి ఎన్ని నిమిషాలో ఆ ఫిల్ము తయారుచేసే ఇల్ఫోర్డ్ వాళ్ళ పట్టికలో ఉంటాది. పెద్ద టబ్బులో నీళ్ళు పోసి, ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన నీళ్ళ సీసా ఒకటి అందులో వేసి, డెవలపరు, హైపో (బొమ్మని నిలబెట్టే మందు), కడిగే నీళ్ళు మూడూ అదే టబ్బులో నిలబెట్టండి. డెవలపరు చల్లగా పెట్టి చివర్న కుళాయి నీళ్ళు వేడివి పోస్తే ఫిల్ము మీది పొర ముడతలు పడుతుంది. అన్నీ ఒక వేడి మీద ఉండడం ముఖ్యం, అది 20 అవ్వాలా 25 అవ్వాలా అన్నది తర్వాత.

బోరు నీళ్ళతో కడిగితే ఆరాక తెల్లటి చుక్కలు మిగులుతాయి, ఆఖరి కడుగు బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్‌తో కానియ్యండి. వాడేసిన హైపోలో వెండి కరిగి ఉంటాది, నూతి దగ్గరా మొక్కల్లోనూ పొయ్యొద్దు, డబ్బాలో పోగెయ్యండి.

కలరుకి సరిగ్గా 37.8 డిగ్రీలు, 3 నిమిషాల 15 సెకన్లు. ఆ వేడి మన ఊళ్ళో చవగ్గానే దొరుకుతాది గానీ అర డిగ్రీ అటూఇటూ కాకుండా నిలబెట్టడమే కష్టం. అది కొరియర్లో ల్యాబుకే పంపండి.

ప్రశ్న: మా నాన్నగారికి రాజాంలో ఫోటో స్టూడియో ఉండేది. ఆయన పోయాక షాపు ఖాళీ చేశాం, రేకు పెట్టెల నిండా నెగెటివ్‌లు ఉన్నాయి, పెళ్ళిళ్ళవి, స్కూలు గ్రూపులవి. ఒక పెట్టె తీస్తే వెనిగర్ వాసన కొడుతోంది. పారీమంటున్నారు ఇంట్లో. మనసొప్పట్లేదు.
– గృహిణి, రాజాం

జవాబు: పారీకండి అప్పా. ఆ ఊళ్ళో చాలామందికి వాళ్ళ అమ్మమ్మ పెళ్ళి ఫోటో ఇంట్లో చెదలు తినీసి ఉంటాది, మీ పెట్టెలో మాత్రమే మిగిలి ఉంటాది.

వాసన వస్తోందంటే ఫిల్ము అడుగున ఉండే అసిటేట్ కుళ్ళుతోంది, ఆ వచ్చేది నిజంగా వెనిగర్ ఆవిరే. ఒక నెగెటివ్‌లో మొదలైతే మూత బిగించిన పెట్టెలో పక్కవాటికి కూడా తొందరగా అంటుకుంటాది, వేడీ తేమా దాన్ని ఇంకా తరుముతాయి. కాబట్టి మొదట చెయ్యాల్సింది, వాసన వచ్చేవి ఒక పక్కకి, రానివి ఒక పక్కకి. రేకు పెట్టెల్లోంచి తీసి ఒక్కోటీ తెల్ల కాగితం కవర్లో పెట్టి, గాలాడే అట్టపెట్టెల్లో, ఇంట్లో అన్నిటికన్నా చల్లటి గదిలో ఉంచండి. మేడ మీద రేకుల గది అస్సలు వద్దు. ప్లాస్టిక్ కవర్లు వద్దు. గాజు పలకలేమైనా ఉంటే పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టండి, దొంతర పెడితే కిందవి బరువుకి పగులుతాయి.

వెలుతురుకి పెట్టి చూస్తే మొహాల మీద సన్నటి పెన్సిల్ గీతలు కనపడతాయి, మురికి అనుకుని తుడవకండి! అది రీటచింగు. మెరవని వైపున, ముక్కు పక్కన నీడలోనూ కంటి కింద గుంటలోనూ సన్నగా చెక్కిన పెన్సిల్‌తో గంటలకొద్దీ దిద్దేవారు, నెగెటివ్‌లో దిద్దిన చోటు ప్రింటులో తెల్లబడుతుంది కాబట్టి మచ్చలూ ముడతలూ పోయేవి. అది మీ నాన్నగారి చేతి రాత లాంటిది.

ఫోటోలుగా మార్చడానికి స్కానరు కొనక్కర్లేదు. ఎల్ఈడీ లైటు పలక ఒకటి, మాక్రో లెన్సున్న డిజిటల్ కెమెరా ఒకటి స్టాండు మీద నేలకి చూస్తూ బిగించి, నెగెటివ్‌ని పలక మీద పెట్టి ఫోటో తీసి కంప్యూటర్లో రంగు తిరగెయ్యడమే. వాసన వచ్చేవి ముందు చెయ్యండి, అవి ఆగవు, ముడుచుకుపోయి పొర లేచిపోతాది. కవరు మీద మీ నాన్నగారు రాసిన పేరూ తేదీ ఉంటే దాన్ని కూడా అదే ఫ్రేములో పెట్టి ఒకటి తియ్యండి, పేరు లేని పెళ్ళి ఫోటో ఎవరిదో ఇంకో పదేళ్ళకి చెప్పేవాళ్ళు ఉండరు. స్కూలు గ్రూపు ఒకటి ప్రింటు వేయించి మీ వీధి కిరాణా కొట్లో అంటించి చూడండి, పేర్లు వాటంతటవే వస్తాయి.

ప్రశ్న: రీళ్ళకి డబ్బుల్లేవు. జెనిట్ కెమెరాతో వచ్చిన హీలియోస్ లెన్సుని మిర్రర్‌లెస్ కెమెరాకి పెట్టుకోవచ్చా? మా బావ నికాన్ డీఎస్ఎల్ఆర్‌కి పెడితే దూరంవి ఫోకస్ అవ్వట్లేదు.
– నెల్లిమర్ల

జవాబు: మీకు అవుతాది, మీ బావగారికి అవ్వదు. ఎం42 లెన్సు, అంటే మీ హీలియోస్ లాంటి మర బిగింపు లెన్సు, ఫిల్ముకి 45.46 మిల్లీమీటర్ల దూరంలో ఉండాలి, నికాన్‌లో ఆ దూరం 46.5, అంటే ముందే ఎక్కువైపోయింది, లోపల అద్దం లేని రింగు ఏది పెట్టినా కొండలు ఫోకస్‌లోకి రావు. మిర్రర్‌లెస్‌లో లోపల అద్దం ఉండదు కాబట్టి ఆ దూరం చాలా తక్కువ, సోనీలో 18, మిగతాది అడాప్టరు నింపీస్తాది. మెనూలో 'లెన్సు లేకుండా షట్టరు' అన్నదాన్ని ఆన్ చెయ్యండి, లేకపోతే బటన్ నొక్కినా పలకదు. వెనకాల చింతచెట్టు ఆకుల్లోంచి ఎండ పడుతుండగా ఎఫ్/2లో మనిషిని తీస్తే ఆ వెనక వెలుతురు సుడి తిరిగినట్టు వస్తాది, హీలియోస్‌కి పేరొచ్చింది దానికే. నాలుగు ఫోటోలకి బావుంటాది, ఆల్బమంతా అదే ఉంటే కళ్ళు తిరుగుతాయి.

ప్రశ్న: రైల్వే స్టేషన్లో బ్యాగు స్కానర్లో పెడితే రీలు పాడవుద్దా?
– శ్రీకాకుళం రోడ్డు

జవాబు: 400 లోపు రీలు ఒకటి రెండుసార్లు వెళ్తే ఏమీ అవ్వదు. విమానాశ్రయాల్లో కొత్తగా వస్తున్న సీటీ స్కానర్లు మాత్రం ఒక్కసారికే దెబ్బతీస్తాయి. రీళ్ళన్నీ పారదర్శకంగా ఉన్న కవర్లో వేసి చేత్తో చూడమని మర్యాదగా అడగండి, చెక్-ఇన్ సామాన్లో అసలు వెయ్యకండి. ఇంకా ఎండలో పార్క్ చేసిన కారు డాష్‌బోర్డు ఈ స్కానర్లన్నిటికన్నా ప్రమాదం, దాని గురించి ఎవరూ అడగలేదు గానీ చెప్తున్నాను.